చెట్టు పేరే బలమా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వంటి ఉక్కు నగరంలో కలప గురించి వినిపించే అభిప్రాయాలన్నీ చివరికి ఒకే నమ్మకం మీద నిలుస్తాయి: కలప బలం చెట్టు జాతిలోనే ఉంటుందని, ఆ జాతిని పరిశోధనాలయంలో ఒకసారి పరీక్షించి పట్టికలో అంకె వేశాక మళ్లీ పరీక్షించవలసిన పని లేదని. సాలకలప అయితే గట్టిది, టేకు అయితే మన్నేది, మిగిలినవి అంతంతమాత్రం అని అడితి వ్యాపారి చెప్పే మాటకూ, ప్రమాణ గ్రంథం తెరిచి జాతి పేరుకు ఎదురుగా ఉన్న అంకెను యథాతథంగా లెక్కలోకి ఎత్తుకునే ఇంజనీరు అలవాటుకూ పైకి ఎంత దూరం కనిపించినా, రెండింటి వేరు ఒక్కటే. ఈ నమ్మకం తప్పు. అది కూడా, ఉక్కు బలాన్ని ప్రతి పోతకూ కొలిచి చూడకుండా గేటు దాటనివ్వని ఊరిలో నిలవదగని తప్పు.

ముందుగా మాటల అర్థం తేల్చుకోవాలి. ఇంటి బరువును మోసే దూలాలకు, వాసాలకు, స్తంభాలకు, పైకప్పు చట్రాలకు వాడే కోత కలపను నిర్మాణ కలప అంటారు; తలుపులకు, మంచాలకు, బీరువాలకు వాడే కలపలో చూపుకు, మన్నికకు విలువ ఎక్కువ కాగా, నిర్మాణ కలపలో బలానిదే మొదటి పీట. ముడులు, పగుళ్లు, పోగుల వాలు, పురుగు తొలిచిన రంధ్రాలు వంటి లోపాలు ఎంత మేరకు ఉన్నాయో చూసి ఆ కలపను తరగతులుగా విడదీయడం శ్రేణీకరణ. భారతీయ ప్రమాణాలలో ఎంపిక శ్రేణి, మొదటి శ్రేణి, రెండవ శ్రేణి అని మూడు మెట్లు ఉన్నాయి. కట్టడాలలో కలప వాడకానికి నియమాలు చెప్పే ఐఎస్ 883 అనే ప్రమాణం 1957లో తొలిసారి వెలువడి, పలుమార్లు సవరణ పొంది, 2016లో మళ్లీ ప్రచురితమయింది. ఒక జాతి కలప మీద లెక్కలో ఎంత ఒత్తిడి దాకా మోపవచ్చో చెప్పే హద్దును, అంటే అనుమతి ఒత్తిడిని, మొదటి శ్రేణికి ఇచ్చి, దానిని ఎంపిక శ్రేణికి 1.16తోనూ రెండవ శ్రేణికి 0.84తోనూ హెచ్చవేయమని ఆ ప్రమాణ సంప్రదాయం చెబుతుంది. బరువు పెట్టినప్పుడు వంగకుండా బిగిసి నిలిచే గుణాన్ని, అంటే బిగువును, తెలిపే స్థితిస్థాపక గుణకాన్ని బట్టి జాతులను మూడు వర్గాలుగా కూడా అదే చేస్తుంది: చదరపు మిల్లీమీటరుకు 12,600 న్యూటన్లు దాటితే ఏ వర్గం, 9,800 దాటి 12,600 వరకు బీ వర్గం, 5,600 దాటి 9,800 వరకు సీ వర్గం.

ఈ పట్టికల వెనుక డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ దశాబ్దాల శ్రమ ఉంది. 1906లో నెలకొన్న ఆ సంస్థ దేశంలోని వందలాది జాతుల కలపను విరిచి, నలిపి, చీల్చి కొలవకపోయి ఉంటే ఈనాడు వాదించుకోవడానికి కూడా అంకెలు ఉండేవి కావు. కాబట్టి ఖండించవలసింది పట్టికను కాదు, పట్టికను చదివే తీరును. అక్కడ కొలిచినది ఏమిటో, కొలవనిది ఏమిటో గుర్తించకుండా, ఆ అంకె అడితిలో పేర్చి ఉన్న ప్రతి దూలానికీ అతికించిన చీటీ అన్నట్లు చదవడమే తప్పు.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని తెలుగువారి సామెత. పూర్వపక్షం మొత్తం ఈ సామెతలోనే ఇమిడి ఉంది: సాలచెట్టు ఒకటి పరీక్షకు నిలిచితే సాలజాతి అంతా నిలిచినట్టే. అయితే మెతుకు సాక్ష్యం చెల్లడానికి ఒక షరతు ఉంది. ఆ మెతుకులన్నీ ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికి ఉండాలి. కలపలో ప్రతి చెట్టూ వేరే కుండ. ఒకే అడవిలో లోతైన నేలలో పెరిగిన సాలచెట్టూ రాతిగుట్ట మీద పెరిగిన సాలచెట్టూ వేరు. ఒకే చెట్టులో మొదలు నుంచి కోసిన దూలమూ కొమ్మలు చీలే చోటికి దగ్గరగా కోసిన దూలమూ వేరు. ఒకే దూలంలో నడిమి చేవా అంచున మిగిలిన తెల్లచెక్కా వేరు. చెట్టు గాలికి ఒరిగి పెరిగినా, మంటకు ఒకసారి కమిలినా, ఆ గుర్తు లోపలి పోగులలో ఉండిపోతుంది. అందుకే ఒకే జాతి, ఒకే శ్రేణి కలపలో కూడా వంపు బలం సగటు చుట్టూ 20 నుంచి 40 శాతం వరకు చెదిరి ఉండటం సాధారణమని పూర్తి కొలతల దూలాలను విరిచి చూసినవారు పదేపదే గమనించారు. ఎంపిక శ్రేణికీ రెండవ శ్రేణికీ మధ్య ప్రమాణం చూపే తేడా 1.16కూ 0.84కూ మధ్య ఉన్నంతే. ఒక్క శ్రేణి లోపల గట్టి దూలానికీ బలహీనమైన దూలానికీ మధ్య ఉండే తేడా అంతకు చాలా ఎక్కువ.

ఇప్పుడు ఉక్కు వైపు చూడాలి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించుకున్న భిలాయి కర్మాగారం భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే ప్రధాన కేంద్రం. ఉక్కు నిజంగానే ఒక కుండలో ఉడికిన అన్నం. ఒక్కసారి కరిగించి పోసిన ఉక్కును కార్మికులు హీట్ అంటారు, ఆ హీట్‌లోని లోహం అంతా కలగలిసి ఒకే రసాయన కూర్పుతో ఉంటుంది. మెతుకు సామెత ఎక్కడైనా సంపూర్ణంగా చెల్లుతుందంటే ఇక్కడే చెల్లాలి. అయినా పట్టా ఉక్కుకు రైల్వే ప్రమాణం ఏమి కోరుతుందో చూస్తే, ఒక హీట్‌కు చెల్లిన పరీక్ష మరో హీట్‌కు చెల్లదు. ప్రతి హీట్ రసాయన విశ్లేషణ చూడాలి, ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలలో 1.6 భాగాలు మించకూడదు, ముక్కను లాగి తెంపి బలం కొలవాలి, బరువైన గుండును పై నుంచి పట్టా ముక్క మీద వదిలి అది పగలకుండా నిలుస్తుందో లేదో చూడాలి, పొడవునా అతిధ్వని తరంగాలు పంపి లోపలి పగుళ్లు వెతకాలి. ఆ తరువాత కూడా రైల్వేల తరఫున రైట్స్ సంస్థ తనిఖీదారులు ఒప్పుకోవాలి. 880 శ్రేణి పట్టా అంటే చదరపు మిల్లీమీటరుకు కనీసం 880 న్యూటన్ల లాగుడు బలం ఉన్న పట్టా అని అర్థం. స్లాబులలో వాడే 500 శ్రేణి కడ్డీ అంటే చదరపు మిల్లీమీటరుకు కనీసం 500 న్యూటన్ల దగ్గర గాని శాశ్వతంగా సాగడం మొదలు కాని కడ్డీ అని అర్థం. ఉక్కుకు శ్రేణి పేరే ఒక అంకె, ఆ అంకె కనీస హద్దు, ఆ హద్దును ప్రతి రోజూ కొత్తగా నిరూపించుకోవాలి.

ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి తరతరాలుగా ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, ఇక్కడి ఉద్యోగులకు ఈ క్రమశిక్షణ ఊపిరి వంటిది. హీట్ నంబరు లేని పట్టాను వారు పట్టాగా లెక్కించరు. అదే ఊరిలో, అదే మనుషులు, పెంకుటింటి దూలానికి కలప కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ఏ అంకే లేని దుంగను పేరు చెప్పి అమ్మితే ఒప్పుకుంటారు. ఎప్పుడూ చెదరని పదార్థాన్ని ప్రతి పోతకూ పరీక్షించి, ప్రతి చెట్టుకూ మారే పదార్థాన్ని తరానికి ఒకసారి కూడా పరీక్షించకపోవడం తలక్రిందుల తర్కం.

పట్టికలోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా కొంచెం ఆగి పరిశీలించాలి, ఎందుకంటే అసలు చిక్కు ఉన్నది అక్కడే. ఐఎస్ 1708 చెప్పే పద్ధతిలో వంపు బలాన్ని కొలిచేది 50 మిల్లీమీటర్ల చదరంతో 750 మిల్లీమీటర్ల పొడవున్న ముక్క మీద, లేదా 20 మిల్లీమీటర్ల చదరంతో 300 మిల్లీమీటర్ల పొడవున్న ఇంకా చిన్న ముక్క మీద. ఆ ముక్కలో ముడి ఉండకూడదు, పగులు ఉండకూడదు, పోగులు నిటారుగా ఉండాలి. జాతుల మధ్య సహజ గుణాలను పోల్చడానికి ఇది మంచి పద్ధతి, శాస్త్రీయమైన పద్ధతి. కానీ ఆ ముక్క దూలం కాదు. నాలుగు మీటర్ల దూలం విరిగేది సాధారణంగా దాని మచ్చలేని భాగంలో కాదు. ముడి పక్కన పోగులు మెలితిరిగిన చోట, కొన నుంచి లోపలికి పాకిన పగులు దగ్గర విరుగుతుంది. పరీక్ష కోసం పక్కకు తీసేసిన లోపమే కట్టడంలో బలాన్ని నిర్ణయిస్తుంది. మచ్చలేని ముక్క బలం నుంచి మచ్చలున్న దూలం బలాన్ని గుణకాలతో ఊహించి రాబట్టినప్పుడు ఆ ఊహ ఎంతవరకు నిజమో తేల్చేది పూర్తి కొలత దూలాన్ని విరిచి చూడటం ఒక్కటే.

ఈ మాటను 1970లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో బోర్గ్ మాడ్సెన్ గట్టిగా చెప్పినప్పుడు అక్కడి కలప పరిశ్రమ కూడా ఇష్టంగా వినలేదు. అయినా ఆ దారిలోనే కెనడా, అమెరికా రెండూ కలిసి మిల్లుల నుంచి శ్రేణి ముద్ర పడి బయటికి వచ్చిన కలపను, వచ్చినది వచ్చినట్టుగా, వేల సంఖ్యలో విరిచి కొలిచాయి. ఆ పరీక్షలలో 70,000 దాకా దూలాలు విరిగాయి. ఆ ఫలితాల మీద 1991లో కొత్త రూపకల్పన విలువలు వచ్చాయి. కథ అక్కడితో ముగిసి ఉంటే పూర్వపక్షానికి కొంత ఊరట దొరికేది: సరే, పరీక్ష పద్ధతి మార్చాం, ఇక అంకె స్థిరం అని చెప్పుకోవచ్చు. కాని అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ కలపకు శ్రేణి ముద్ర వేసే తనిఖీ సంస్థ 1994 నుంచి ప్రతి ఏటా కొన్ని దూలాలను తీసి కొలుస్తూ వచ్చింది. 2010 ప్రాంతంలో ఆ కొలతలలో తరుగుదల కనిపించింది. వెంటనే పూర్తి స్థాయి పరీక్షలు జరిగాయి. ఫలితంగా 2012 జూన్ 1న కొన్ని కొలతలకు, 2013 జూన్ 1న మిగిలిన కొలతలన్నిటికీ విలువలు తగ్గాయి. అక్కడ ఇళ్లకు విరివిగా వాడే రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు గల రెండవ నంబరు శ్రేణి పైన్‌కు వంపులో అనుమతించే ఒత్తిడి చదరపు అంగుళానికి 1,500 పౌండ్ల నుంచి 1,100 పౌండ్లకు పడింది. అంటే దాదాపు 27 శాతం తరుగు.

ఈ ఉదంతంలో గమనించవలసినది ఆ తరుగు ఎంత అన్నది కాదు, అది ఎలా బయటపడింది అన్నది. చెట్టు జాతి మారలేదు, శ్రేణి నియమాలు మారలేదు, చూపుతో శ్రేణి నిర్ణయించే తనిఖీదారుల నైపుణ్యం తగ్గలేదు, దూలం మీద వేసే ముద్ర అక్షరం కూడా మారలేదు. మారింది లోపలి చెక్క. సహజారణ్యంలో నెమ్మదిగా పెరిగిన చెట్ల స్థానంలో తోటలలో వేగంగా పెంచి చిన్న వయసులో కొట్టిన చెట్లు వచ్చాయి. అలాంటి చెట్టులో నడిమి దగ్గరి తొలి వార్షిక వలయాలలోని లేత చెక్క వాటా ఎక్కువ, దాని సూక్ష్మ పోగులు పొడవుకు వాలుగా చుట్టుకుని ఉంటాయి కనుక బిగువు తక్కువ. ఈ తరుగుకు అదే ప్రధాన కారణమని చాలామంది భావించారు. ప్రతి ఏటా కొలిచే అలవాటు లేకపోయి ఉంటే, పాత అంకెలతో ఇళ్లు లేస్తూనే ఉండేవి. చట్రాలు తయారుచేసేవారు, గృహనిర్మాణదారులు విలువల మార్పు తమకు నష్టమని మొరపెట్టుకున్నారు. ఆ మొర అర్థం చేసుకోదగినదే, కాని దాని కోసం అంకెను పాత చోటే ఉంచి ఉంటే ఆ నష్టం ఇంటివారి నెత్తిన పడేది.

ఇక్కడి అడవులు ఏనాడో కొలిచిన స్థితిలోనే ఉన్నాయని ఎవరు హామీ ఇవ్వగలరు? 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో దాదాపు 44 శాతం భూమి అటవీ శాఖ అధీనంలో ఉంది; సాల ఆ రాష్ట్ర వృక్షం. 1970లలో బస్తర్‌లో సహజ సాలవనాన్ని తొలగించి కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ నాటే పథకాన్ని తలపెట్టి, ఆదివాసుల వ్యతిరేకత నడుమ చివరికి మానుకున్నారు. అది అమలై ఉంటే బస్తర్ కలప అనే మాటకు అర్థమే మారేది. 1990ల చివరలో అప్పటి అవిభక్త మధ్యప్రదేశ్‌లోని సాలవనాలను కాండం తొలిచే పురుగు ముట్టడించి లక్షల చెట్లను చంపింది. ఆ పురుగు పిల్లలు చేవలోకి సొరంగాలు తవ్వుకుంటూ పోతాయి. ఇక టేకు సంగతి. ఇంద్రావతి, శబరి, గోదావరి నీటి మీద తెప్పలుగా కట్టిన దుంగలు దిగి రాజమహేంద్రవరం అడితులకు చేరిన కాలం నుంచి తెలుగు నేలలో మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) టేకుకు పెద్ద పేరు. ఆ పరగణాల రాష్ట్రం 1950లోనే పేరు మార్చుకున్నా, ఈనాటికీ సీపీ టేకు అన్న మాట మార్కెట్లో ధర పలుకుతోంది. అదే పేరు కింద ఎనభై ఏళ్ల అడవి చెట్టూ, పొలం గట్టున పదిహేను ఇరవై ఏళ్లకే కొట్టిన తోట చెట్టూ పక్కపక్కన అమ్ముడవుతాయి. చేవ దేరిన చెట్టుకు వచ్చిన పేరును చేవ దేరని చెట్టు అనుభవిస్తోంది. తోట టేకు తప్పకుండా బలహీనమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. టేకులో లేత చెక్కకూ ముదురు చెక్కకూ తేడా పైన్‌లో ఉన్నంత ఉండదని చెప్పేవారూ ఉన్నారు. ఆ మాట నిజమైతే దూలాలను విరిచి చూపించి నిరూపించవచ్చు. నిరూపించకుండా పాత అంకెను వాడటం మాత్రం కుదరదు.

దీనికి పూర్వపక్షం నుంచి వచ్చే బలమైన సమాధానం భద్రతా గుణకం. మచ్చలేని ముక్క విరిగే ఒత్తిడికీ పట్టికలో అనుమతించిన ఒత్తిడికీ మధ్య, ఇంటి లోపల వాడే దూలం విషయంలో, సుమారు అయిదు రెట్ల ఎడం ఉంచారు. అంత ఎడం ఉండగా కలప కొంత బలహీనపడితే ఏమవుతుందని వాదన. వినడానికి ఇది గట్టిగానే ఉంటుంది. కాని ఆ అయిదు రెట్లు పెట్టెలో దాచిన సొమ్ము కాదు. చాలావరకు ముందే ఖర్చయిపోయిన సొమ్ము. ఒక ఉదాహరణ లెక్క వేసి చూడవచ్చు. మచ్చలేని ముక్కల సగటు బలం 100 అనుకుందాం. ముక్కల మధ్య చెదురు 16 శాతం అయితే, నూటికి అయిదు ముక్కలు మాత్రమే జారిపోయే దిగువ హద్దు, అంటే అయిదవ శతాంశం, 74 దగ్గర ఉంటుంది. పరీక్షలో ముక్క నిమిషాలలో విరుగుతుంది, ఇంటి దూలం ఏళ్ల తరబడి మోస్తుంది; కలప దీర్ఘకాలం మోయవలసి వస్తే తక్కువ బరువుకే లొంగుతుంది, పదేళ్ల భారానికి దీనిని సుమారు 1.6తో భాగించడం పరిపాటి. 74 కాస్తా 46 అయింది. మొదటి శ్రేణిలో అనుమతించిన ముడులు, పోగుల వాలు కలిసి ఎనిమిదింట అయిదు వంతుల బలాన్నే మిగిలిస్తే 29. ముక్క కంటే దూలం పెద్దది కనుక బలహీనమైన చోటు ఉండే అవకాశమూ పెద్దది. అందుకు 15 శాతం తీసేస్తే 25. పట్టిక అనుమతించినది నూటిలో అయిదో వంతు, అంటే 20. మిగిలిన ఎడం 5 మాత్రమే. వడ్రంగి కీలులో చేసే పొరపాటు, కారే పైకప్పు తెచ్చే తేమ, చెద, లెక్కలో లేని అదనపు బరువు, ఇవన్నీ ఆ 5లోనే సర్దుకోవాలి. అమెరికా పైన్‌లో కనిపించిన పాటి తరుగే ఇక్కడి కలపలోనూ వచ్చి ఉంటే 25 కాస్తా 18కి దిగుతుంది. అది అనుమతించిన 20 కంటే తక్కువ. గుణకం ఉంది కదా అని కొలత మానుకోమనడం, గొడుగు ఉంది కదా అని ఇంటి కప్పు నేయడం మానుకోమన్నట్టు.

మరో వాదన మరింత మర్యాదకు అర్హమైనది: అనుభవం ఉన్న వడ్రంగి కంటికి తెలియనిది ఏముందని. నిజమే, ఆ కంటికి చాలా తెలుసు. ముడి ఎక్కడ ఉందో, అది ప్రాణమున్న ముడో చచ్చిన ముడో, పోగు ఎటు వాలిందో, దుంగ పచ్చిదో ఆరిందో ఒక చూపుతో చెప్పగలిగిన పనివారు ఛత్తీస్‌గఢ్‌లోనూ ఆంధ్రదేశంలోనూ ఉన్నారు, శ్రేణీకరణ నియమాలు ఆ చూపును అక్షరాలలో పెట్టినవే. కాని దూలాల బలంలో కనిపించే తేడాలలో ముడులు ఒక్కటే వివరించగలిగేది మూడో వంతు కూడా ఉండదని, బిగువు కొలిస్తే సగానికి పైగా వివరించవచ్చని పరీక్షలు తేల్చాయి. బిగువు కంటికి కనిపించదు. విచిత్రం ఏమిటంటే, పాతకాలపు పనివాడికి దానిని పట్టే సాధనం కూడా తెలుసు: దుంగ కొన మీద సుత్తితో కొట్టి చెవి పెట్టి వినడం. గట్టి కలప ఖంగుమంటుంది, పుచ్చిన కలప బొదబొదమంటుంది. దీని వెనుక ఉన్న సూత్రం సూటి అయినది. పోగు వెంట ధ్వని వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో హెచ్చవేస్తే స్థితిస్థాపక గుణకం వస్తుంది. మూడు మీటర్ల దూలంలో ధ్వని సెకనుకు 4,500 మీటర్ల వేగంతో పోతే అది సెకనుకు 750 సార్లు కంపిస్తుంది. వడ్రంగి చెవి విన్నదాన్ని యంత్రం అంకెగా రాస్తుంది, అంతే. అతని విద్యను గౌరవించడమంటే దానిని కొలత చేయడం. కొలతకు అడ్డంగా దానిని నిలబెట్టడం కాదు.

భారతదేశానికి అంకెల సంప్రదాయమే లేదని కూడా చెప్పలేరు. కాంక్రీటు రాకముందు రైలు పట్టాల కింద పరిచిన కొయ్య స్లీపర్లకు భారతీయ రైల్వేలు ఒక మిశ్రమ సూచికను కట్టాయి. బలం సూచికకు కాఠిన్యం సూచిక పదింతలు కలిపి ఇరవైతో భాగిస్తే వచ్చే ఆ అంకె సాధారణ దారి స్లీపరుకు 783, పట్టాలు చీలే చోట వేసే స్లీపరుకు 1,352, వంతెన స్లీపరుకు 1,455కు తగ్గకూడదన్నాయి. పచ్చి కలప బలమూ, 12 శాతం తేమకు ఆరిన కలప బలమూ రెండూ ఆ లెక్కలో ఉన్నాయి. ఎంతో ఆలోచించి కట్టిన సూచిక అది. అయినా దాని లోపం కూడా ఈ వ్యాసం చెబుతున్న లోపమే: అంకెను జాతికి ఇచ్చారు, కొయ్యకు ఇవ్వలేదు.

చివరిగా, ఉక్కు నగరంలో కలప ఇంకెవరికి కావాలి అన్న మాట. దుర్గ్, బాలోద్, బస్తర్ పల్లెలలో పెంకులు మోసే దూలాలు, వాసాలు ఇప్పటికీ కలపవే. కాంక్రీటు పోసేటప్పుడు పలకలను నిలబెట్టే పోటు కొయ్యలు విరిగితే ప్రాణాలు పోతాయి, అవి ఏ శ్రేణివో అడిగేవారు అరుదు. పైగా గాలి మళ్లుతోంది. అడవుల రక్షణ పేరిట 1993లో తన కట్టడాలలో కలప వాడకాన్ని నిషేధించిన కేంద్ర ప్రజాపనుల శాఖ 2020 జులైలో ఆ నిషేధం ఎత్తివేసింది. రైతు పొలంలో పెరిగిన కలపకు గిరాకీ కల్పించాలన్న ఆలోచన మంచిదే. కాని తలుపు చట్రం నుంచి దూలం దాకా ఆ కలప ఎక్కినప్పుడు, దాని బలం గురించి కొనేవాడికి ఏ కాగితం చేతికి అందుతుంది? ప్లైవుడ్‌కు ఐఎస్ఐ ముద్ర అడగడం నేర్చుకున్న కొనుగోలుదారుకు దూలం విషయంలో అడగవలసిన ప్రశ్న ఉందన్న సంగతే తెలియదు.

ఈ పరీక్షకు గొప్ప యంత్రాంగం కావాలనుకోవడం కూడా పొరపాటు. 75 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల లోతు ఉన్న దూలాన్ని మూడు మీటర్ల ఎడంలో రెండు ఆధారాల మీద నిలబెట్టి, నడుమ 100 కిలోల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో డయల్ గేజితో చూస్తే చాలు: 2.1 మిల్లీమీటర్లు వంగితే అది ఏ వర్గపు గడప దగ్గర ఉంది, 2.7 అయితే బీ వర్గపు దిగువ అంచున, 4.7 అయితే సీ వర్గపు దిగువ అంచున. దూలం విరగదు, పాడవదు, కొనేవాడు దానిని ఇంటికి తీసుకుపోవచ్చు. విరిచి చూడవలసినవి వందలో కొన్ని మాత్రమే. అందుకు కావలసిన ఉక్కు చట్రాన్నీ జాకీనీ భిలాయిలోని ఏ మోస్తరు వర్క్‌షాపైనా చేసి పెట్టగలదు. అటవీ శాఖ వేలం డిపోలలో చుట్టుకొలత, పొడవు రాసే పుస్తకంలో మరో గడి చేర్చి, ప్రతి ఏటా ఒక్కొక్క డివిజను నుంచి కొన్ని దూలాలు కోయించి, బిగువు కొలిచి, కొన్నింటిని విరిచి, వచ్చిన అంకెలను నలుగురికీ తెలిసేలా ప్రచురించమని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్నీ, ఆ పనికి తమ ప్రయోగశాలల తలుపులు తెరవమని దుర్గ్, భిలాయిలలోని ఇంజనీరింగ్ విద్యాసంస్థలనూ ఇక్కడి ప్రజలు అడగాలి. పద్ధతి కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. కట్టడాలలో వాడే పూర్తి కొలతల దూలాలను ఎలా పరీక్షించాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 2408, 1963లోనే అచ్చయింది.